గోడ ఎవరిది, మొహం ఎవరిది?

నేను రంగుల కొట్లో పనిచేస్తాను. ఊరు హార్షమ్. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, మెల్‌బోర్న్ నుంచి 300 కిలోమీటర్లు. చుట్టూ ఎటు చూసినా గోధుమ, బార్లీ, మసూరు చేలే. ఈ నేలను విమ్మెర అంటారు. దీనికి ఉత్తరాన ఇంకా ఎండిపోయి ఉండే మాలీ. అప్పుడప్పుడూ ఎవరో ఒక రైతు కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, "మా ఊరి సైలో మీద బొమ్మ వేయించాలనుకుంటున్నాం, ఎన్ని లీటర్ల రంగు పడుతుంది?" అని అడుగుతాడు. లీటర్లదేముంది, చుట్టుకొలతా ఎత్తూ చెబితే క్షణంలో లెక్క కట్టి ఇస్తాను. కానీ రంగుతో మొదలుపెట్టిన ఊరికి బొమ్మ దక్కడం అనుమానమే. సైలో బొమ్మలో రంగు కొనడం ఆఖరి పని. దానికి ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. గోడ ఎవరిది? దాని మీద ఎక్కే మొహం ఎవరిది? ఈ రెండూ తేలితే మిగతాది కూలీ, లిఫ్టూ, వాతావరణం.

సైలో అంటే కాంక్రీటుతో పోసిన గాదె. మన గాదె ఇంట్లో ఉంటే ఇది రైలు పట్టాల పక్కన ఉంటుంది, పది అంతస్తుల ఎత్తున. పొలం నుంచి తెచ్చిన గోధుమను కింద గోతిలో పోస్తే యంత్రం పైకెత్తి లోపల నింపుతుంది. రైలు వచ్చినప్పుడు అడుగున తూము తెరిస్తే వ్యాగన్‌లోకి దిగుతుంది. ఇవి లేని రోజుల్లో ఇక్కడి గోధుమంతా గోనె సంచుల్లో కదిలేది. ఆ సంచులు వచ్చేది మన కలకత్తా నుంచే. బెంగాల్ జనపనార లేకపోతే ఆస్ట్రేలియా గోధుమ ఓడ ఎక్కేది కాదు. 1930లలో విక్టోరియా ప్రభుత్వం చట్టం చేసి, బోర్డు పెట్టి, రైలు దారి వెంట వరసగా సైలోలు కట్టించింది. షీప్ హిల్స్‌లో 1938, బ్రిమ్‌లో 1939, పాచెవొల్లాక్‌లో 1939. సంచులు పోయాయి, వాటిని మోసి కుట్టే కూలీల పనీ పోయింది. ఆ తర్వాత లారీలు పెద్దవయ్యాయి. పదిమైళ్ల దూరంలో చిన్న సైలో ఎందుకు, యాభై మైళ్ల దూరంలో ఉన్న పెద్ద కేంద్రానికే తోలేద్దాం అన్నారు. చిన్న ఊళ్ల సైలోలు ఖాళీ పడ్డాయి. కూల్చాలంటే బోలెడు ఖర్చు, కాబట్టి ఎవరూ కూల్చలేదు. ఊళ్లో బడి మూతపడి, బ్యాంకు మూతపడి, ఇళ్లు ఖాళీ అవుతుంటే సైలోలు మాత్రం చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాయి.

వాటి మీద మొదటిసారి బొమ్మలు పడింది ఇక్కడ కాదు, దేశానికి ఆ చివర. పెర్త్‌కి తూర్పున నార్తమ్ అనే ఊళ్లో, 2015లో. ఫామ్ అనే కళాసంస్థ, సీబీహెచ్ అనే రైతుల సహకార ధాన్య సంస్థ కలిసి ఇద్దరు విదేశీ చిత్రకారులను పిలిపించాయి. ఒకాయన ఇంగ్లండు నుంచి వచ్చిన ఫ్లెమ్, రెండో ఆయన అమెరికా నుంచి వచ్చిన హెన్స్. బొమ్మలు బాగుంటాయి. కానీ వాటిని చూసి ఏ ఊరూ మాక్కూడా కావాలని లేచి కూర్చోలేదు. లేచి కూర్చోబెట్టింది బ్రిమ్.

బ్రిమ్ మాకు గంట దూరం. నూరు మందికి కాస్త అటూ ఇటూ ఉండే ఊరు. 2015లో వానలు లేవు, పంట లేదు. ఊళ్లో బ్రిమ్ యాక్టివ్ కమ్యూనిటీ గ్రూప్ అని ఒక సంఘం ఉంది. మన ఊళ్లో గుడి కమిటీ ఎలాగో ఇదీ అలాగే, ఏ పని వచ్చినా ఆ పది మందే. మెల్‌బోర్న్‌లో జడ్డీ రోలర్ అనే వీధి బొమ్మల సంస్థ సైలో కోసం వెతుకుతోంది. గీడో వాన్ హెల్టెన్ అనే చిత్రకారుడు సిద్ధంగా ఉన్నాడు. సైలోలు గ్రెయిన్‌కార్ప్ కంపెనీవి, వాడకంలో లేనివి. కంపెనీ సరే అంది, యారియాంబియాక్ కౌన్సిల్ వెనక నిలబడింది, రంగు టాబ్‌మన్స్ కంపెనీ ఇచ్చింది. ఆ డిసెంబరు ఎండలో వాన్ హెల్టెన్ లిఫ్ట్ ఎక్కాడు. మాలీ అంచున డిసెంబరంటే మన రెంటచింతలలో మే నెల. 2016 జనవరికల్లా నాలుగు సైలోల మీద నలుగురు రైతులు నిలబడ్డారు. 30 మీటర్ల ఎత్తు మనుషులు. ఆడా మగా, ముసలీ పడుచూ.

వాళ్ల పేర్లు బొమ్మ దగ్గర ఎక్కడా రాయలేదు. ఎవరో ఊరివాళ్లకు తెలుసు, అయినా బయటివాళ్లడిగితే చెప్పరు. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే నచ్చింది అదే. పేరు రాసుంటే అది ఫలానా ఆయన విగ్రహం అయ్యేది. నలుగురి కథ మిగతా వందమందికి అసూయ అయ్యేది. పేరు లేదు కాబట్టి వాళ్లు రైతులు, అంతే. నిలబడ్డ తీరు చూడాలి. ఒక్కరూ కెమెరాకు ఫోజు ఇవ్వరు. వాన కోసం చూసీ చూసీ ఇక చూడటం మానేసిన మనిషి నిలబడినట్టు ఉంటారు. ఆ ఏడాది సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీ ఇచ్చే సల్మన్ ప్రైజ్‌కి ఈ బొమ్మ తుది జాబితాలోకి వెళ్లింది.

దాంతో కార్లు మొదలయ్యాయి. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లు, ప్రభుత్వ నిధులు. రూపన్యుప్ నుంచి పాచెవొల్లాక్ దాకా 200 కిలోమీటర్ల దారిలో సైలో బొమ్మల బాట తయారైంది. ఇప్పుడు దేశం మొత్తం మీద రంగేసిన సైలోలున్న ఊళ్లు 50 దాటాయి. 2018లో తపాలా శాఖ వీటి మీద స్టాంపులు కూడా వేసింది.

ఇక గోడ సంగతి. సైలో ఊరి నడిమధ్యన ఉంటుంది కాబట్టి ఊరిదే అనుకుంటారు జనం. కాదు. తూర్పు రాష్ట్రాల్లో ఎక్కువ గ్రెయిన్‌కార్ప్‌వి, పశ్చిమాన సీబీహెచ్‌వి. కొన్ని ఎప్పుడో ప్రైవేటు వాళ్లకు అమ్ముడుపోయాయి. సైలో కింద నేల మరొకరిది కావచ్చు. పట్టాల పక్క స్థలమైతే విక్టోరియాలో అది విక్‌ట్రాక్ అనే ప్రభుత్వ రైల్వే సంస్థది. అంటే కంపెనీ ఒప్పుకున్నా రైల్వే ఒప్పుకోవాలి. పక్కనే కరెంటు తీగలుంటే వాళ్లూ ఒప్పుకోవాలి. సైలో ఇంకా వాడకంలో ఉంటే నవంబరు నుంచి జనవరి దాకా కోతల కాలం, లారీలు బారులు తీరి ఉంటాయి, అప్పుడు లిఫ్ట్ దించనివ్వరు. జనం కార్లు ఎక్కడ ఆపుతారో కూడా కంపెనీ అడుగుతుంది. హైవే మీద ఎవడో సడన్ బ్రేకేసి ఫోటో తీసుకుంటుంటే వెనక 60 టన్నుల లారీ ఆగదు గదా. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూనల్‌పిన్‌లో వాన్ హెల్టెనే 2017లో ఐదుగురు బడి పిల్లల్ని గీశాడు. అది అడిలైడ్, మెల్‌బోర్న్ మధ్య పెద్ద రహదారి అంచునే ఉంటుంది. అలాంటి చోట బొమ్మ కంటే ముందు పార్కింగ్ గీయాలి.

గోడ ఒప్పందం అయ్యాక ఇంజినీరు రావాలి. ఎనభై ఏళ్ల కాంక్రీటు. లోపలి ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బితే పైన పెచ్చులు లేస్తాయి. అక్కడ ఎంత ఖరీదైన రంగు పూసినా ఐదేళ్లలో మొహం మీద చెక్కు ఊడుతుంది, అదీ సరిగ్గా కంటి దగ్గరే ఊడుతుంది. కాబట్టి పెచ్చు కొట్టాలి, ఊచకు మందు పూయాలి, పూడ్చాలి, నీళ్లతో కడగాలి, ఆరనివ్వాలి. ఇవన్నీ అయ్యాక నా కొట్టు గుర్తు రావాలి.

డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసా? జనం చిత్రకారుడికనుకుంటారు. కొంత నిజమే. కానీ ఆ ఎత్తుకు వెళ్లే బూమ్ లిఫ్ట్ అద్దె, దాన్ని నగరం నుంచి లారీ మీద తెచ్చే ఖర్చు, బీమా, గోడ మరమ్మతు, చిత్రకారుడికి బసా భోజనం, ఇవి కలిపితే రంగు ఖర్చు పక్కన పెట్టొచ్చు. గాలి వీస్తే లిఫ్ట్ ఎక్కకూడదు. మామూలుగా ఈ లిఫ్టులకు సెకనుకు 12.5 మీటర్లు హద్దు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. మాలీలో ఆ గాలి రాని వారం ఉండదు. లిఫ్ట్ కదలకపోయినా అద్దె కదులుతూనే ఉంటుంది. వానకీ గాలికీ కొన్ని రోజులు అదనంగా లెక్కలో వేసుకోని కమిటీ మధ్యలో చేతులెత్తేస్తుంది. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం మైనాట్ అనే ఊళ్లో ఇదే వాన్ హెల్టెన్ పాత ధాన్యపు ఎలివేటర్ మీద వేసిన బొమ్మకు సుమారు 3,50,000 డాలర్లయింది. అదంతా దాతల చందాలే. ఊరికి మనసుంటే చాలదు, సంతకాలు పెట్టే చెయ్యి కావాలి.

మా నాన్న తెనాలిలో సినిమా బ్యానర్లు వేసేవాడు. గుడ్డ మీద సుద్ద దారంతో గళ్లు కొట్టి, స్టిల్లు మీద గళ్లతో సరిచూసి, చిటికెడంత ముక్కును ఆరడుగుల ముక్కు చేసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు అటక ఎక్కాయి. నేను బ్రిమ్ నుంచి వీడియో కాల్ చేసి సైలోలు చూపిస్తే ఫోన్ దగ్గరికి లాక్కుని కళ్లు చిట్లించి చూశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, గళ్లు కొట్టినట్టు లేదేంట్రా? గోడ గుండ్రంగా ఉంది గదా, పక్కకెళ్లేసరికి చెవి సాగిపోవాలే! ఎట్టా ఆపాడు?"

నాన్న పట్టుకున్నది సరిగ్గా అసలు చిక్కు. చదును గోడ మీద గళ్లు పనిచేస్తాయి. గుండ్రటి గోడ మీద అంచుకు వెళ్లే కొద్దీ బొమ్మ మన కంటికి ముడుచుకుంటుంది. నాలుగు సైలోలు పక్కపక్కన ఉంటే మధ్యలో లోతైన గాళ్లు, అందులో సగం బొమ్మ మాయం. కాబట్టి ముందు చూసే చోటు ఖాయం చేసుకోవాలి, రోడ్డు మీద జనం నిలబడే చోటు. అక్కడి నుంచి సరిగ్గా కనిపించేలా గీయాలి, గోడ దగ్గర వంకరగా ఉన్నా సరే. ఇప్పుడు చాలామంది చేసేదేమంటే గోడంతా అడ్డదిడ్డంగా పిచ్చి గీతలు, అక్షరాలు, సున్నాలు గీస్తారు. దూరం నుంచి దాన్ని ఫోటో తీసి, ఫోన్లో అసలు బొమ్మను దాని మీద పరుస్తారు. లిఫ్ట్ ఎక్కాక, 'ఈ సున్నా పక్కన కంటి కొస, ఆ కొక్కెం కింద ముక్కుపుటం' అని దారి వెతుక్కుంటారు. పైన ఉన్నవాడికి బొమ్మ కనిపించదు. వాడి ముందున్నది రెండు మీటర్ల బూడిద రంగు, అంతే. ఆ బూడిద రంగు రెప్ప అవునో కాదో కిందికి దిగి, రోడ్డు దాటి, వెనక్కి తిరిగితేనే తెలుస్తుంది.

రంగు సంగతికొస్తే, మంచి చిత్రకారులు తక్కువ పూస్తారు. వ్యాపారం చేసుకునే నేను చెప్పకూడని మాట ఇది. లాసెల్స్‌లో రోన్ అనే మెల్‌బోర్న్ చిత్రకారుడు 2017లో ఒక రైతు దంపతులను గీశాడు. రంగులో నీళ్లు ఎక్కువ కలిపి పల్చగా వేశాడు. కాంక్రీటు దాని కింద నుంచి కనిపిస్తుంటుంది. ఆ ఇద్దరూ గోడలోంచే ఊరినట్టు ఉంటారు. వాన్ హెల్టెన్ అయితే మైనాట్‌లో ఖనిజపు రంగు వాడాడు. అది పైన పొరలా కూర్చోకుండా కాంక్రీటులోకి ఇంకుతుంది. దట్టంగా, నిగనిగలాడేలా, ఎరుపూ పసుపూ దంచి వేసిన సైలోలు కూడా ఉన్నాయి. అవి దూరం నుంచి కూల్‌డ్రింక్ డబ్బాల్లా ఉంటాయని నా అభిప్రాయం. ఫోటోలకు మాత్రం అవే ముందు.

మొహం ఎవరిది అన్నది గోడ కంటే గట్టి ప్రశ్న. చాలా కమిటీలు ఇక్కడ సులువైన దారి పడతాయి. ఒక ట్రాక్టరు, ఒక గొర్రె, ఒక కుక్క, ఒక చిలక, ఎవరికీ అభ్యంతరం ఉండదు. అభ్యంతరం లేని బొమ్మను ఎవరూ రెండోసారి చూడరు కూడా. పాచెవొల్లాక్‌లో ఫింటన్ మేగీ అనే చిత్రకారుడు చేసింది చూడండి. 2016లో ఊళ్లోని పబ్‌లో దిగి, సాయంత్రాలు జనంతో కూర్చుని, వాళ్లలోంచే ఒక రైతును ఎంచుకున్నాడు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, అక్కడి సైలో కూడా సన్నగా 35 మీటర్ల పొడుగు. కొలతా కుదిరింది, మనిషీ కుదిరాడు. నీలం గళ్ల చొక్కా, అడ్డం పడే ఎండకు చిట్లించిన కళ్లు.

షీప్ హిల్స్‌లో అడ్నేట్ అనే చిత్రకారుడు గీసింది ఇద్దరు పెద్దలను, ఇద్దరు పిల్లలను. నలుగురూ ఈ నేల మొదటి ప్రజల బిడ్డలు. వెనక నక్షత్రాల ఆకాశం. హార్షమ్‌లో ఉన్న బరెంగి గాజిన్ ల్యాండ్ కౌన్సిల్‌తో మాట్లాడి, పరిచయం పెంచుకుని, ఆ తర్వాతే గీశాడు. ఈ సైలోలు నిలబడ్డ భూమి వొట్జోబలుక్ తదితర జాతులది. 2005లో కోర్టు అందులో కొంత భాగం మీద ఆ హక్కును గుర్తించింది. విక్టోరియాలో అలాంటి గుర్తింపు అదే మొదటిది. గోధుమ సైలో మీద రైతును గీస్తే ఊరి కథ చెప్పినట్టే. కానీ ఆ కథ గోధుమతో మొదలు కాలేదని షీప్ హిల్స్ గోడ గుర్తుచేస్తుంది. బాట మొత్తంలో నాకు అతి గట్టిగా తగిలే గోడ అది.

మా హార్షమ్‌లో కూడా ఒకటుంది, పాత పిండిమిల్లు సైలో మీద. స్మగ్ అనే పేరుతో గీసే చిత్రకారుడిది. ఆ మొహం యాంగెండ్యినన్యుక్‌ది. క్రికెట్ పిచ్చి ఉన్న మనవాళ్లకు ఈయన తెలియాలి. ఇంగ్లండు పర్యటనకు వెళ్లిన మొదటి ఆస్ట్రేలియా జట్టు 1868 నాటిది, అందులో ఆడినవాళ్లు దాదాపు అందరూ ఆదివాసులు. ఈయన ఆ జట్టులో ఒకడు. ఇంగ్లండులో ఈయన మరో ఆట కూడా చూపించేవాడు. జనం వరసగా బంతులు విసిరితే చేతిలోని సన్నటి డాలుతోనూ కర్రతోనూ కాచుకునేవాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1864లో, హార్షమ్ పక్క అడవిలో ముగ్గురు చిన్నపిల్లలు తప్పిపోతే తొమ్మిదో రోజున జాడ పట్టి, ప్రాణాలతో తెచ్చిన వాళ్లలో ఒకడు. ఊళ్లో నూటయాభై ఏళ్లుగా ఆ పిల్లల పేర్లు అందరికీ తెలుసు, తెచ్చినవాళ్ల పేర్లు తెలియవు. ఇప్పుడు పాలు కొనడానికి వెళ్తున్నవాడు కూడా ఆ మొహం కింద నుంచే వెళ్తున్నాడు.

కమిటీలు మరిచిపోయేది ఇంకొకటుంది. గోడ కంపెనీది, డబ్బు ఊరిది, కానీ బొమ్మ మీద కాపీరైటు మామూలుగా చిత్రకారుడిదే. ఆస్ట్రేలియా చట్టంలో రోడ్డు పక్క విగ్రహాన్ని ఎవరైనా ఫోటో తీసి అమ్ముకోవచ్చు, గోడ బొమ్మను మాత్రం కుదరదు. ఊరి సంఘం మహిళలు సరదాగా ఆ బొమ్మను టీ టవళ్ల మీద అచ్చు వేయించి హాలు మరమ్మతుకు అమ్మాలనుకున్నా ముందు అనుమతి రాయించుకోవాలి. 2000లో వచ్చిన నైతిక హక్కుల చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. రేపు ఆ గోడ కూల్చాలన్నా, చిత్రకారుడి ఆచూకీ తీసి ముందుగా తెలియజేయాలి. ఇదంతా మొదటి రోజే కాగితం మీద పెట్టుకున్న ఊళ్లు హాయిగా ఉన్నాయి. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో రంగు వెలుస్తుంది. అప్పుడు తిరిగి వేయాలా, వెలిసిపోనివ్వాలా, వేస్తే ఎవరు వేయాలి, డబ్బెవరిది? ఈ నాలుగు వాక్యాలు కూడా అందులోనే ఉండాలి.

బొమ్మలొచ్చాక ఊళ్లు బాగుపడ్డాయా అంటే, పత్రికలు రాసినంత కాదు. కార్లు వస్తాయి, నిజం. కారాపి, దిగి, ఫోటో తీసుకుని, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. తాగడానికి కాఫీ, ఆగడానికి మరుగుదొడ్డి, తినడానికి ఒక శాండ్‌విచ్ ఉన్న ఊళ్లో అరగంట ఆగుతారు, ఆ అరగంటలోనే పైసలు. బ్రిమ్‌లో చెరువు పక్కన కారవాన్లు ఆపుకునే చోటుంది, కాబట్టి రాత్రి ఉండేవాళ్లూ ఉన్నారు. ఇక ఇక్కడి రైతు బతుకు తేల్చేవి వానా ధరా, బొమ్మ కాదు. 2017 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వం శనగల మీదా మసూరు మీదా 30 శాతం దిగుమతి సుంకం వేసింది. ఇక్కడ పండే మసూరుకు మనం పెద్ద కొనుగోలుదారులం. నేను ఇండియావాణ్నని తెలిసిన రైతులు కొన్నాళ్ల పాటు కౌంటర్ దగ్గర, "ఏం మేట్, మీ ఢిల్లీ వాళ్లు మా పప్పు తినడం మానేశారా?" అని అడిగేవాళ్లు. నవ్వుతూనే అడిగేవాళ్లు, కానీ ఆ ఏడు ఇంటికి రంగు వేయించుకున్నవాళ్లు తక్కువ.

మెల్‌బోర్న్‌లో ఉన్న మన తెలుగువాళ్లు సెలవులకు సముద్రం దారి పడతారు. ఒకసారి ఇటు రండి. రూపన్యుప్‌తో మొదలుపెడితే మంచిది. అక్కడివి పొట్టి ఉక్కు సైలోలు, రష్యా నుంచి వచ్చిన జూలియా వోల్చ్‌కోవా వాటి మీద ఊరి ఆటగాళ్లిద్దరిని నలుపు తెలుపుల్లో గీసింది. తర్వాత షీప్ హిల్స్, బ్రిమ్, రోజ్‌బెరీ, లాసెల్స్, చివర పాచెవొల్లాక్. పెట్రోలు వారక్‌నబీల్‌లో నింపుకోండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. వేసవిలో ఈగలు ముసురుతాయి, మొహానికి వల దొరుకుతుంది, కొనండి. పట్టాల మీదికి ఎక్కి సెల్ఫీలు వద్దు, కొన్ని లైన్ల మీద ధాన్యపు రైళ్లు ఇంకా నడుస్తున్నాయి. పులిహోర కట్టుకొచ్చినా సరే, ఊళ్లో ఒక కాఫీ కొనండి.